మంచి వస్తువు అందరి ఇంటికీ చేరిందా? పాశ్చాత్య ఆధునిక డిజైన్ చరిత్రపై చర్చ

శిల్పరేఖ

పాశ్చాత్య దేశాలలో ఆధునిక డిజైన్ చరిత్రను చాలా పుస్తకాలు శైలి మారిన కథగానే చెబుతాయి. విక్టోరియా కాలపు లతలూ, పువ్వులూ, సింహపు పాదాల బల్లలూ ఒక కొసన ఉంటాయి. నున్నని ఉక్కు గొట్టాల కుర్చీలూ, తెల్లని గోడలూ మరొక కొసన ఉంటాయి. నడుమ కొందరు మేధావులు నిలబడి అలంకరణను అంచెలంచెలుగా తుడిచివేసినట్లు ఆ కథ నడుస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ మేధావులు తమ కాలంలో గట్టిగా ఇచ్చిన మాట మరొకటి ఉంది. యంత్రాల కాలంలో సామాన్యుడి ఇంట్లోకి కూడా మంచి వస్తువు రావాలి, అది అతని జీతానికి అందే ధరలో ఉండాలి అన్నదే ఆ మాట. అది ఎంతవరకు నిలబడిందో, ఎవరి చేతుల మీదుగా నిలబడిందో పరిశీలించాలన్నది ఈ చర్చ ప్రారంభించడంలో నా ఉద్దేశం.

మొదలు పెట్టడానికి 1851 అనువైన సంవత్సరం. లండన్ హైడ్ పార్కులో ఆ ఏడాది జరిగిన మహా ప్రదర్శన కోసం జోసెఫ్ పాక్స్‌టన్ రూపొందించిన స్ఫటిక భవనాన్ని, కర్మాగారాలలో పోతపోసిన ఇనుప భాగాలనూ ఒకే కొలతకు కోసిన గాజు పలకలనూ తెచ్చి అక్కడికక్కడ బిగించి నిలబెట్టారు. గాజు పలకలే దాదాపు 3 లక్షలు పట్టాయి. పాక్స్‌టన్ వాస్తువిద్య చదివినవాడు కాదు. ఒక జమీందారు తోటలో మొక్కలకు గాజు గదులు కట్టిన అనుభవం అతనిది. ముక్కలుగా తయారవడం, ఒకే కొలత పాటించడం, త్వరగా బిగించడం, అవసరం తీరాక విప్పి మరొక చోటికి తరలించడం వంటి తర్వాతి వందేళ్ల ఆలోచనలన్నీ ఆ కట్టడంలో అప్పటికే ఉన్నాయి. దాని లోపల పెట్టిన సరుకులో ఎక్కువ భాగం మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. యంత్రం నగిషీని చవక చేసింది కనుక, చోటు దొరికిన ప్రతిచోటా తయారీదారులు నగిషీని నింపారు. ప్రదర్శన నిర్వాహకులలో ముఖ్యుడైన హెన్రీ కోల్‌ను ఇది ఎంత బాధించిందంటే, 1852లో మార్ల్‌బరో హౌస్‌లో తాను తెరిచిన మ్యూజియంలో తప్పుడు రూపకల్పనకు నమూనాలుగా కొన్ని వస్తువులను ప్రత్యేకంగా ఒక గదిలో పెట్టించాడు. వాటి తయారీదారులు తీవ్రంగా అభ్యంతరం చెప్పడంతో ఆ గది ఎంతో కాలం నిలవలేదు. నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి మూలం ఆ సంస్థే.

నా ప్రతిపాదన ఇది. వస్తువు తయారీ, ధర, పంపిణీ అనే మూడింటినీ ఎవరైనా కలిపి పట్టుకోగలిగిన చోటనే ఆ వాగ్దానం నెరవేరింది. ప్రకటనలు ఎంత గొప్పవైనా, ఈ మూడూ చేతిలో లేని చోట మంచి డిజైన్ ధనికుల ఇళ్లకే పరిమితమైంది. అంగీకరించేవారూ, ఖండించేవారూ ఉదాహరణలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

దేవదారు

కుర్చీల తయారీ నా వృత్తి కనుక, మీ ప్రతిపాదనకు నేను చూపగల మొదటి సాక్ష్యం మిఖాయెల్ టోనెట్. రైన్ నది ఒడ్డున బొప్పార్డ్ పట్టణంలో వడ్రంగిగా మొదలై, 1842లో వియన్నా చేరి, అక్కడ కుమారులతో కలిసి వ్యాపారం పెంచిన మనిషి ఆయన. గట్టి చెక్కను ఆవిరితో వంచే పద్ధతికి 1856లో పేటెంట్ హక్కు పొంది, మొరావియాలో (నేటి చెక్ దేశంలో) బీచ్ అనే గట్టి చెక్క చెట్ల అడవుల పక్కనే కొరిట్‌షాన్ అనే చోట కర్మాగారం పెట్టాడు. కలప దగ్గరికి కర్మాగారం వెళ్లడం ఎంత తెలివైన పనో ఈ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవక ధర అంతా అందులోనే ఉంది. కర్రను వంచినప్పుడు లోపలి వైపు కుదించుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. ఆవిరి పట్టిన బీచ్ కర్ర కుదింపును బాగా ఓర్చుకుంటుంది గాని సాగడాన్ని ఓర్చుకోదు. బయటి వైపు ఈనెలు లేచి పగులుతుంది. టోనెట్ ఏం చేశాడంటే, వంపు బయటి వైపున ఒక ఇనుప పట్టీని కర్ర పొడవునా బిగించి, రెండు కొసలనూ కదలకుండా పట్టి ఉంచాడు. పట్టీ సాగదు కనుక దాని కింద ఉన్న చెక్క కూడా సాగలేదు, కర్ర మందమంతా కుదింపులోనే వంగుతుంది. వంచిన కర్రను పోత ఇనుప అచ్చులో బిగించి ఆరబెడితే ఆ ఆకారం అలాగే నిలిచిపోతుంది. దీనికి ఉలి పట్టడం తెలిసిన వడ్రంగి అవసరం లేదు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కూలీలు కొద్దికాలంలో నేర్చుకోగలరు. కూర్చునే చోట పేము అల్లే పనిలో, నునుపు చేసే పనిలో స్త్రీలను పెద్ద సంఖ్యలో పెట్టుకున్నారు.

1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీకి 6 చెక్క భాగాలు, 10 స్క్రూలు, 2 నట్లు సరిపోతాయి. అతుకుల దగ్గర జిగురుతో పని లేదు కనుక, విప్పదీసిన 36 కుర్చీలను ఒక ఘనమీటరు పెట్టెలో సర్ది ఓడలో ఎక్కించగలిగారు. బిగించడం సరుకు చేరిన ఊళ్లో జరిగేది. 1930 నాటికి ఈ ఒక్క నమూనా సుమారు 5 కోట్లు అమ్ముడైనట్లు చెబుతారు. 1869లో హక్కు గడువు తీరాక ఇతర సంస్థలు కూడా ఇదే పనిలో దిగాయి. ముంబై ఇరానీ హోటళ్లలో నేటికీ కనబడే వంపు కర్ర కుర్చీలు ఆ కోవకు చెందినవే. సామాన్యుల కోసం అంటూ టోనెట్ ఏ ప్రకటనా రాయలేదు. 1925లో పారిస్ ప్రదర్శనలో ఆధునిక వాస్తుశిల్పి లె కొర్బూజియే తన నమూనా ఇంటిని అమర్చడానికి టోనెట్ కుర్చీలను ఎంచుకున్నాడంటే, కొత్త తరం వెతుకుతున్నది అప్పటికే అరవై ఐదేళ్లుగా కాఫీ హోటళ్లలో ఉందన్నమాట.

నేతగుడ్డ

దేవదారు గారి ఉదాహరణకు సరిగ్గా ఎదురుగా ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్‌ను నిలబెట్టాలి. అతని మీద నాకు అపారమైన గౌరవం ఉంది, అందుకే అతని విషయంలో మెత్తగా మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

1861లో మిత్రులతో కలిసి సంస్థ స్థాపించిన నాటి నుంచి 1896లో మరణించేవరకు మోరిస్ ఒకే మాట మీద ఉన్నాడు. చేసేవాడికి ఆనందాన్నిచ్చే పని వల్లనే వాడేవాడికి కూడా మంచి వస్తువు దక్కుతుందన్నది ఆ మాట. 1870ల మధ్యలో లీక్ పట్టణానికి వెళ్లి టామస్ వార్డిల్ అద్దకశాలలో నీలిమందు తొట్టెల దగ్గర స్వయంగా నిలబడి మొక్కల రంగులను తిరిగి నేర్చుకున్నాడు. 1881లో మెర్టన్ యాబీలో సొంత అద్దకం ప్రారంభించాడు. అక్కడ తయారైన 1883 నాటి స్ట్రాబెర్రీ దొంగ పిట్టల బట్టను దగ్గరగా చూడండి. ముందు గుడ్డనంతా నీలిమందులో ముంచుతారు. తర్వాత నీలం వద్దనుకున్న చోట రంగును తీసివేసే ముద్దను చెక్క అచ్చులతో అద్దుతారు. ఎక్కడ పూర్తిగా తెలుపు రావాలో, ఎక్కడ లేత నీలం మిగలాలో ముద్ద బలాన్ని బట్టి ఉంటుంది. ఆ తర్వాత ఎరుపుకూ, పసుపుకూ వేరు వేరు అద్దకాలు, నడుమ ఉతకడాలు, ఆరబెట్టడాలు. ఒక్కో గుడ్డ పూర్తి కావడానికి రోజులు పట్టేది. ఆ శ్రమంతా ధరలోకి ఎక్కింది, సంస్థ అమ్మిన అచ్చు బట్టలలో అది బాగా ఖరీదైన వాటిలో ఒకటిగా నిలిచింది. సంపన్నుల విలాసానికి ఊడిగం చేస్తున్నానన్న బాధ మోరిస్‌నే వేధించింది, ఆ బాధే అతన్ని సోషలిస్టు సభల వైపు నడిపించిన కారణాలలో ఒకటి.

ఇక్కడ మన తీరంతో నిజమైన సంబంధం ఒకటి ఉంది కనుక ప్రస్తావిస్తాను. పూల బట్ట అనే కోరికను యూరప్‌లో పుట్టించింది కోరమాండల్ తీరపు అద్దకం. మచిలీపట్నం, నిజాంపట్నం పరిసరాలలో కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పటికతో గీసి, చిరివేరు ఎరుపు ఎక్కించి, నీలం సోకకూడని చోట మైనం పూసేవారు. ఆ రంగు ఉతికినా పోదు. దాని ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686 నుంచి 1759 వరకు ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండ్ 1721లో చేసిన కఠినమైన చట్టం 1774 దాకా అమలులో ఉంది. నిషేధాల నీడలో ఎదిగిన ఐరోపా అచ్చు పరిశ్రమ, తర్వాత రాగి రోలర్లతో, కృత్రిమ రంగులతో చవక సరుకును ముంచెత్తింది. మోరిస్ తిరుగుబాటు ఆ సరుకు మీదనే. మన అద్దకపువారు మైనంతో కాపాడిన తెలుపును అతను రంగు తీసి సాధించాడు. దారులు వేరైనా, పట్టుబట్టినది ఒకే విధమైన నాణ్యత కోసం.

సందేహి

మోరిస్ సంస్థ సస్సెక్స్ కుర్చీలను చాలా తక్కువ ధరకే అమ్మిందని గుర్తు చేయదలచుకున్నాను. జమ్ము అల్లిక సీటుతో, నల్లరంగు పూసిన ఆ సాదా కుర్చీలు మధ్యతరగతి ఇళ్లలోకి బాగానే వెళ్లాయి. మోరిస్ విఫలుడు, టోనెట్ సఫలుడు అని రెండు గళ్లలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. టోనెట్ కర్మాగారంలో రోజంతా ఆవిరి గదుల పక్కన నిలబడిన కూలీ జీవితం గురించి మోరిస్ అడిగిన ప్రశ్న ఈ చర్చలో ఎక్కడ? వస్తువు ఎవరికి అందిందన్నది మాత్రమే లెక్క అయితే, ఎవరి చేత తయారైందన్నది కొట్టివేసినట్లు కాదా? అలాగే జర్మనీలోని డిజైన్ పాఠశాల బౌహౌస్ మాటేమిటి? దాని పేరు రాకుండా ఇంతదాకా రావడం ఆశ్చర్యంగా ఉంది.

శిల్పరేఖ

సందేహి గారు అడిగిన మొదటి ప్రశ్న న్యాయమైనది. దాన్ని పక్కన పెట్టను. బౌహౌస్ వైపు వెళ్లే ముందు కొలోన్‌లో ఆగాలి, ఎందుకంటే మీ ప్రశ్న మీదనే అక్కడ పెద్ద తగవు జరిగింది.

1907లో మ్యూనిక్‌లో కళాకారులూ, పరిశ్రమల యజమానులూ కలిసి జర్మన్ వెర్క్‌బుండ్ స్థాపించారు. అదే ఏడాది పీటర్ బెహ్రెన్స్ బెర్లిన్‌లోని విద్యుత్ సంస్థ ఏ.ఇ.జి.కి కళా సలహాదారుగా చేరి, కర్మాగార భవనం నుంచి ప్రకటన కాగితం దాకా అన్నిటికీ రూపమిచ్చాడు. 1909 నాటి అతని విద్యుత్ కెటిళ్లను చూడండి. కొన్ని ఆకారాలు, కొన్ని పిడులు, కొన్ని మూతలు, మూడు రకాల లోహపు పూతలు. వీటినే అటూ ఇటూ కలిపి దాదాపు 30 రకాలు అమ్మారు. కొనేవారికి ఎంపిక కనబడుతుంది, తయారీలో మాత్రం భాగాలు కొన్నే ఉంటాయి. తర్వాత పేరుపొందిన వాస్తుశిల్పులు గ్రోపియస్, మీస్, లె కొర్బూజియే ముగ్గురూ కొంతకాలం బెహ్రెన్స్ కార్యాలయంలో పనిచేసినవారే.

1914 జూలైలో వెర్క్‌బుండ్ కొలోన్‌లో జరిపిన సమావేశంలో సభ్యుడైన హెర్మన్ ముథేసియస్ పది సూత్రాలు ప్రవేశపెట్టి, డిజైన్ భవిష్యత్తు నిర్ణీత నమూనాలలోనే ఉందన్నాడు. ఆన్రీ వాన్ డ వెల్డ వెంటనే పది ప్రతిసూత్రాలు చదివి, కళాకారుడు ఎవరి నమూనాకూ లొంగడని జవాబిచ్చాడు. యువ గ్రోపియస్ నిలబడింది వాన్ డ వెల్డ పక్షాన. కొద్ది వారాలకే యుద్ధం మొదలై అక్కడి వెర్క్‌బుండ్ ప్రదర్శన మూతపడింది గాని తగవు తీరలేదు. బౌహౌస్ చరిత్ర అంతా ఆ తగవే ఒకే గోడల మధ్య కొనసాగడమని నేను అనుకుంటాను. 1919లో వైమార్‌లో బౌహౌస్‌ను స్థాపిస్తూ గ్రోపియస్ విడుదల చేసిన ప్రకటన అందరం చేతిపనికి తిరిగి వెళ్లాలంటుంది. 1923 ప్రదర్శన నాటికి అదే గ్రోపియస్ కళా సాంకేతికతల కొత్త ఐక్యత అన్నాడు.

ఆ సంధికాలంలో పుట్టిన మరియానె బ్రాంట్ టీ పాత్రను చూస్తే నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమంటుంది. 1924లో చేసినది, అరచేతిలో పట్టేంత చిన్నది. అర్ధగోళపు గిన్నె, శిలువ ఆకారపు పాదం, అర్ధచంద్రంలా నిలిచే నల్లచేవ చెక్క పిడి, నడిమికి కాక అంచుకు జరిపిన గుండ్రని మూత, ఆకు జారకుండా లోపల జల్లెడ. చిక్కని డికాషన్ ఇందులో ఉంచి వేడినీటితో పలచన చేసుకోవాలి. చూడగానే యంత్రంలో అచ్చుపోసినట్లుంటుంది, కాని సుత్తితో కొట్టి చేతితో ఎత్తిన పాత్ర అది. వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే తయారయ్యాయి. వాటిలో ఒకటి 2007లో న్యూయార్క్ వేలంలో 3,61,000 డాలర్లు పలికింది. బౌహౌస్ లోహ శిక్షణశాలలో మొట్టమొదటి స్త్రీగా అడుగుపెట్టిన మనిషి, కర్మాగారం కోసమే ఆలోచించిన మనిషి, ఆమె వస్తువు చేరింది సంగ్రహకుల అద్దాల బీరువాలకు.

నేతగుడ్డ

బ్రాంట్ గురించి అక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. 1928లో ఆమె హిన్ బ్రెడెన్‌డీక్‌తో కలిసి లైప్‌జిగ్‌లోని కాండెం దీపాల కర్మాగారానికి రూపొందించిన బల్ల దీపం పెద్ద సంఖ్యలో తయారై, సాధారణ కార్యాలయాలకూ, ఇళ్లకూ చేరింది. ముందువైపు మీట నొక్కితే వెలుగుతుంది, గంట ఆకారపు టోపీని ఎటు కావలిస్తే అటు వంచుకోవచ్చు. ఈ ఉదాహరణ మీ ప్రతిపాదనను బలపరుస్తుంది: పాఠశాల ఆలోచనకు కర్మాగారం తోడైనప్పుడే వస్తువు నడిచింది.

బౌహౌస్‌లో చేరిన స్త్రీలలో ఎక్కువమందిని వారి ఇష్టంతో నిమిత్తం లేకుండా నేత శిక్షణశాలకు పంపారు. గుంటా ష్టోల్‌జ్ల్ నాయకత్వంలో ఆ నేతశాల పరిశ్రమకు నమూనాలు అందించే స్థాయికి ఎదిగింది. ఇక బౌహౌస్ సరుకులన్నిటిలో ఎక్కువ లాభం తెచ్చినది ఉక్కు కుర్చీ కాదు, 1929లో రాష్ సంస్థతో కలిసి తెచ్చిన గోడ కాగితం. విలాసం బదులు జనం అవసరం అన్న హన్నెస్ మేయర్ బౌహౌస్‌ను నడిపిన కాలంలో వచ్చిన ఆ సన్నని, మసక మసక గీతల కాగితం చిన్న గదులకు తగినట్లు ఉండేది, పనివాడికి అంటించడం సులువు, అతుకు కలపడంలో వృథా తక్కువ. ఫోటోలలో గొప్పగా కనిపించదు కనుకనే పుస్తకాలలో దానికి దక్కిన చోటు తక్కువ అని నా నమ్మకం.

మల్లెపందిరి

ఈ చర్చలో ఇంతవరకు విడి వస్తువులే వచ్చాయి. ఇంటి అద్దెలోనే కలిసి వచ్చిన డిజైన్ ఒకటుంది, దాని పేరు ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది. గృహ నిర్మాణ రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి దీని మీద నాకు మమకారం ఎక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ నగరాలలో ఇళ్ల కొరత భయంకరంగా ఉండేది. 1924లో పాత ఇళ్ల అద్దెల మీద విధించిన పన్ను నుంచి కొత్త ఇళ్లకు డబ్బు సమకూరింది. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర నిర్మాణ బాధ్యత చేపట్టిన ఎర్న్‌స్ట్ మే వేల ఇళ్లతో కాలనీలు కట్టించాడు. వాటికి వంటగది రూపొందించే పని వియన్నా నుంచి వచ్చిన మార్గరెటె లిహోట్స్కీకి, పెళ్లి తర్వాతి పేరుతో ష్యూట్-లిహోట్స్కీకి, అప్పగించారు. ఆమె రైలు భోజనశాలల వంటగదులను పరిశీలించింది, గడియారం దగ్గర పెట్టుకుని ఒక్కో పనికి పట్టే అడుగులు లెక్కించింది. పాత వంటగదిలో స్త్రీ నడకలో వృథా అయ్యే కాలాన్ని ఆమెకు తిరిగి ఇవ్వాలన్నది ఆమె లక్ష్యం. ఉద్యోగం చేసే స్త్రీని దృష్టిలో పెట్టుకుని చేసిన రూపకల్పన అది.

గది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. కిటికీ కింద పని బల్ల, దాని ముందు ఎత్తు మార్చుకోగల తిరిగే పీట, కూర్చుని కూర తరుగుకోవచ్చు. తరిగిన తొక్కలు తోసేందుకు బల్లలోనే సందు, దాని కింద సొరుగు. ఒక గోడకు వరుసగా చిన్న అల్యూమినియం సొరుగులు. ఒక్కొక్కదాని మీద బియ్యం, చక్కెర వంటి పేర్లు చెక్కి ఉంటాయి, కొసన మూతి ఉంటుంది కనుక లాగి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. పిండికి మాత్రం ఓక్ చెక్క పెట్టె వాడారు, ఆ చెక్కలోని వగరు గుణం పురుగును దగ్గరకు రానివ్వదు. ఈగలు వాలవన్న నమ్మకంతో అరమరలకు నీలి ఆకుపచ్చ రంగు వేశారు. గోడకు మడిచే ఇస్త్రీ బల్ల కూడా ఉంది. పక్క గదిలో ఆడుకునే పిల్లలు కనబడేలా జరిపే తలుపు పెట్టారు. ఇలాంటివి దాదాపు 10,000 అమర్చారు. అన్నీ ఒకే కొలత కావడం వల్ల, పెద్ద సంఖ్యలో కొనడం వల్ల ఖర్చు తగ్గింది, ఆ ఖర్చు అద్దెలో కలిసిపోయింది. తయారీ, ధర, పంపిణీ మూడూ నగర పాలక సంస్థ చేతిలో ఉన్నాయి. శిల్పరేఖ గారి మాటకు ఇంతకంటే గట్టి రుజువు నాకు కనబడదు.

సందేహి

ఆ ఇళ్లలో ఉన్నవారు ఏమన్నారు? డిజైన్ చరిత్రలో రూపకర్త గొంతు వినిపిస్తుంది గాని, వాడినవారి గొంతు దాదాపుగా వినబడదు.

మల్లెపందిరి

ఫిర్యాదులు బాగానే వచ్చాయి, వాటిని దాచడం సరికాదు. ఆ వంటగదిలో ఇద్దరు నిలబడి పనిచేయలేరు. తల్లీకూతుళ్లు కలిసి వండే అలవాటు, వంటింట్లోనే బల్ల వేసుకుని తినే అలవాటు రెండూ తెగిపోయాయి. అల్యూమినియం సొరుగులు కొన్ని పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండేవి. ర్యోమర్‌స్టాట్ కాలనీని పూర్తిగా విద్యుత్తుతో నడిపించారు, కరెంటు బిల్లు భరించలేక అద్దెదారులు గోల పెట్టారు. అన్నిటికంటే పెద్ద విషయం అద్దె. ఖర్చు ఎంత తగ్గించినా, నైపుణ్యం లేని కూలీ కుటుంబానికి ఆ కాలనీలు అందలేదు. చేరినవారిలో ఉద్యోగులూ, మెరుగైన జీతం ఉన్న కార్మికులూ ఎక్కువ. అందరికీ అన్న మాట ఇక్కడ కూడా నడుమనే ఆగిందని ఒప్పుకోవాలి.

అయినా ఆ స్త్రీ పట్ల నా గౌరవం ఇసుమంత కూడా తగ్గదు. 1940లో ఇస్తాంబుల్‌లో క్షేమంగా ఉన్న మనిషి నాజీ వ్యతిరేక పోరాటం కోసం వియన్నాకు తిరిగి వెళ్లి, 1941 జనవరిలో అరెస్టయి, 1945 దాకా జైలులో గడిపింది. సామాన్యుల ఇల్లు అన్న మాట ఆమెకు వృత్తిలో భాగం మాత్రమే కాదు.

అచ్చక్షరం

అందరికీ నిజంగా చేరిన ఆధునిక డిజైన్ కావాలంటే అచ్చు పని వైపు చూడండి. అక్షరానికి కలప అక్కరలేదు, ఉక్కు అక్కరలేదు, ఒకసారి కుదిరిన రూపాన్ని లక్ష కాగితాల మీదికి పంపడానికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం.

యాన్ చిహోల్డ్ 1920లలో జర్మనీలో కొత్త టైపోగ్రఫీ ఉద్యమానికి గొంతుగా నిలిచాడు. ఒంపు కొసలు లేని అక్షరాలు, నడిమికి సర్దని పుటలు, ప్రామాణిక కాగితం కొలతలు కావాలని పట్టుబట్టాడు. 1933లో నాజీలు నిర్బంధించగా, విడుదలయ్యాక స్విట్జర్లాండ్ చేరాడు. అక్కడ అతని ఆలోచన మారింది. అందరినీ ఒకే రూపంలోకి నెట్టాలన్న తన పాత పట్టుదలలో తాను పారిపోయి వచ్చిన రాజ్యపు వాసన కనిపించిందని బాహాటంగా రాశాడు. ఈ విషయంలో స్విస్ డిజైనర్ మాక్స్ బిల్‌తో 1946లో తీవ్రమైన వాదం నడిచింది.

1947లో చిహోల్డ్ ఇంగ్లండ్‌లో పెంగ్విన్ పుస్తకాల అచ్చు బాధ్యత తీసుకున్నాడు. 1935 నుంచి ఆరు పెన్నీలకు నవల అమ్మిన సంస్థ అది. ముద్రణాలయాలు ఎవరి అలవాటు ప్రకారం వారు పేర్చేవారు. చిహోల్డ్ నాలుగు పుటల నియమావళి రాసి అన్ని ముద్రణాలయాలకూ పంపాడు. పెద్దక్షరాల మధ్య ఖాళీని కళ్లతో చూసి సమం చేయాలి, వాక్యం ముగిశాక పెద్ద సందు వదలరాదు, పేరా మొదట ఇంత జరపాలి వంటివి అందులో ఉన్నాయి. 1949లో వెళ్లిపోయే లోపల వందలాది పుస్తకాల పుటలను అతను స్వయంగా దిద్దాడు. కొన్నవారిలో నూటికి తొంభైమందికి అతని పేరు తెలిసి ఉండదు, కాని చదువుతున్నప్పుడు వారి కళ్లకు కలిగిన సుఖం అతను ఇచ్చినదే. లండన్ భూగర్భ రైలు కోసం ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 1916లో ఇచ్చిన అక్షరాలూ, హ్యారీ బెక్ గీయగా 1933లో జేబు కాగితంగా ఉచితంగా పంచిన రైలు పటమూ ఇదే కోవలోకి వస్తాయి. శిల్పరేఖ గారు చెప్పిన మూడు షరతులూ ఇక్కడ ఫ్రాంక్ పిక్ నడిపిన రవాణా సంస్థ చేతిలో ఉన్నాయి.

దేవదారు

మరొక ఉదాహరణ, ఈసారి ప్రతిపాదనకు ఇబ్బంది కలిగించేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలప కరువై, బ్రిటిష్ ప్రభుత్వం 1942లో ఫర్నిచర్ తయారీని పూర్తిగా తన అదుపులోకి తీసుకుంది. నమూనాలు ప్రభుత్వమే ఇచ్చింది, ధర ప్రభుత్వమే కట్టింది, కొనే హక్కు కొత్తగా పెళ్లయినవారికీ, బాంబు దాడుల్లో ఇల్లు కోల్పోయినవారికీ కూపన్ల మీద మాత్రమే ఇచ్చింది. కేటలాగు 1943 జనవరిలో వెలువడింది. ఓక్, మహాగని చెక్కలతో గట్టి అతుకులు, నగిషీ బొత్తిగా లేదు. రూపకల్పన బృందానికి ఆ ఏడాది నుంచి గోర్డన్ రస్సెల్ నాయకుడు. పనితనం చూస్తే ఈనాటి వడ్రంగి కూడా మెచ్చుకోవలసిందే, ఆ బీరువాలు తలుపు వాలకుండా ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పేదా గొప్పా తేడా లేకుండా మంచి వస్తువు అందాలన్న మోరిస్ కోరిక ఇక్కడ దాదాపు తీరినట్లే.

1948లో నిబంధనలు సడలాయి, 1952లో పథకం ముగిసింది. రస్సెల్ ఆశించినట్లు జనం సాదా ఫర్నిచర్‌కు అలవాటు పడి దానినే కోరుకున్నారా? లేదు. చాలామంది నిగనిగలాడే పాలిష్‌కూ, వంపు సొంపులకూ పరుగెత్తారు. మూడు పగ్గాలూ ఒకే చేతిలో ఉంటే వస్తువు చేరుతుంది, అది నిజమే. కోరిక చేరదు. యుద్ధపు కష్టాలతో ముడిపడిన సాదాతనాన్ని వారు వదిలించుకోవాలనుకోవడంలో తప్పు పట్టవలసినది కూడా నాకు కనిపించదు.

శిల్పరేఖ

దేవదారు గారి అభ్యంతరం నా ప్రతిపాదనకు ఒక హద్దు గీసింది, దాన్ని స్వీకరిస్తున్నాను. చేరడం వేరు, ఇష్టపడి నిలుపుకోవడం వేరు. యుద్ధం తర్వాతి కాలంలో ఈ రెండూ రెండు దారులుగా చీలాయి. జర్మనీలోని ఉల్మ్ డిజైన్ పాఠశాల 1953 నుంచి 1968లో మూతపడే దాకా డిజైన్‌ను శాస్త్రంలా బోధించింది. 1956లో అక్కడి హన్స్ గూగెలోట్, బ్రౌన్ సంస్థలోని డీటర్ రామ్స్ కలిసి చేసిన రేడియో గ్రామఫోన్ పారదర్శకమైన ప్లాస్టిక్ మూత కింద నిర్మలంగా ఉంటుంది. అది ఎంతో ప్రభావం చూపిన వస్తువు. అయినా దాని ధర చదువుకున్న మధ్యతరగతి దగ్గరే ఆగింది.

రెండవ దారి సరిగ్గా అదే 1956లో స్వీడన్‌లో తెరుచుకుంది. 1943లో పుట్టిన ఐకియా, ఆకు ఆకారపు మూడు కాళ్ల బల్లను కాళ్లు విప్పి చదునైన పెట్టెలో అమ్మడం ప్రారంభించింది. టోనెట్ పెట్టెకూ దీనికీ ఉన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా పెద్దది. అక్కడ బిగించే పని దుకాణంవాడిది. ఇక్కడ ఆ పని కొన్నవాడికి బదిలీ అయింది, ఆ మేరకు ధర తగ్గింది. సందేహి గారు మొదట అడిగిన ప్రశ్న ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతుంది: తయారీలో చివరి భాగం జీతం లేకుండా ఎవరి చేత జరుగుతోంది? ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరిచినప్పుడు, ఇంటికి వచ్చి బిగించి వెళ్లే మనుషులను కూడా ఏర్పాటు చేసింది. వడ్రంగిని ఇంటికి పిలిచి పని చేయించుకోవడం మనకు అలవాటు, ఆ కూలి మనవారికి భరించదగినదే. స్టాక్‌హోంలో కొనేవాడి మీద పడిన పని ఇక్కడ మళ్లీ పనివాడి చేతికి వచ్చింది. ఆ పనివాడికి దక్కే కూలి ఎంత, అతని నైపుణ్యానికి ఆ పనిలో ఎంత చోటు ఉంది అన్న విషయాలు దేవదారు గారికి దగ్గరగా తెలిసి ఉంటాయి. ఆయన రాస్తే చర్చను అక్కడి నుంచి కొనసాగించవచ్చు.